తొట్టిలో మనిషి

నేను పొట్టివాణ్ణి కాబట్టి
నన్ను తొట్టిలో దింపారు.

విమానం కడుపులో తొట్టి.
రేపు దాంట్లో యూరియా పోస్తారట, పురుగుమందు పోస్తారట.
ఇవాళ్టికి మాత్రం మడకశిర ఓబులేసును పోశారు,
చేతిలో ఇనుప దిమ్మె, బుగ్గన ఒక లవంగం.

బయట అంతోనప్ప, రివెట్ గన్‌తో.
లోపల నేను, దిమ్మె ఒత్తిపట్టి.
మధ్యన గోరంత మందం కూడా లేని రేకు.
అతని కన్నడం నాకు అంతంత మాత్రం,
నా తెలుగు అతనికి నవ్వులాట.
అందుకని తట్టుకునేవాళ్ళం:
ఒక తట్టు, బాగుంది.
రెండు తట్లు, ఇంకొంచెం కొట్టు.
మూడైతే పాడైంది, తీసెయ్.
పదకొండేళ్ళు అట్లానే మాట్లాడుకున్నాం.
అతని కూతురికి సంబంధం కుదిరిన సంగతి
నాకు ముందు రేకు మీదనే తెలిసింది.

"ఎప్పుడన్నా విమానం ఎక్కినావా?" అంటారు జనం.
ఎక్కలేదు. లోపల ఉన్నాను.

పక్క షెడ్డులో యుద్ధ విమానాలు చేసేవాళ్ళు
మాదాన్ని ఎరువుబండి అనేవాళ్ళు.
నిజమే, ముక్కు పొడుగు, వీపు గూని,
మంచె మీద కావలివాడిలా ఎత్తున పైలట్.
వాళ్ళవి శబ్దాన్ని దాటిపోయేవి.
మాది నేలకు రెండు నిలువుల ఎత్తున పోయి
గట్టు రాగానే లేచి, తిరిగి,
సాలు తప్పని ఎద్దులాగా మళ్ళీ వచ్చేది.
నాకు అదే నచ్చింది.

మొదట చల్లింది నీళ్ళే, రన్‌వే మీద.
తర్వాత యూరియా, వర్తూరు దాపున ఒక రాగి చేను మీద.
చూడమని మమ్మల్ని లారీలో తోలుకుపోయారు.
తెల్లని తోక ఒకటి సాగింది,
సాగి, గాలికి పక్కకు ఒరిగింది.
పక్కన పుట్టనంజమ్మ అనప చేను.
ఆమె కొంగు దులుపుకుంటూ వచ్చి
ఇంజనీరును నిలబెట్టి కడిగేసింది,
అడక్కుండా నా నెత్తిన చల్లడానికి నువ్వెవరని.
అతను ఇంగ్లీషులో గాలి వేగం చెప్పాడు.
గాలి నిన్నా ఉంది కదా, అంది ఆమె.

రెండు వారాలకు సైకిలు మీద ఒక్కణ్ణే పోయి చూశాను.
రాగిలో నల్లపచ్చని చార,
బద్ద పెట్టి గీసినంత తిన్నగా.
నా రివెట్ల వరస అంత తిన్నగా ఎప్పుడూ రాలేదు.
చివర మాత్రం వంకర,
ఆ వంకరలో అనపాకుల మీద మాడిన మచ్చలు.
పుట్టనంజమ్మ ఒక ఆకు తెంచి నా జేబులో పెట్టింది.
"మీ ఇంజనీరుకివ్వు, ఇంగ్లీషులో చదువుకుంటాడు."

ఇవ్వలేదు.
క్యాంటీన్‌లో అంతోనప్పకు చూపించాను.
చాలాసేపు ఆకును అటూ ఇటూ తిప్పి
బల్ల మీద మూడు తట్టాడు.

ఎందుకు ఆగిపోయిందో మాకెవరూ చెప్పలేదు.
ఒక సోమవారం జిగ్గులు విప్పుతుంటే తెలిసింది.
నన్ను గేర్‌బాక్సుల వైపు మార్చారు,
అక్కడ పొట్టివాడితో పని లేదు.

ఇప్పుడు ఆ చేను ఏ లిఫ్టు కింద ఉందో.
అంతోనప్ప పోయి ఆరేళ్ళు.
నా కుడిచెవి అతని గన్ తిన్నది,
మిగిలిన ఎడమచెవి మనుమరాలి సినిమా పాటలు తింటోంది.

మొన్న మారతహళ్ళి రోడ్డు పక్క ఒక ఆవరణలో
ఒకదాన్ని నిలబెట్టారని విని పోయాను.
కొత్తగా పసుపు రంగు కొట్టారు. తొట్టికి తాళం.
కడుపు కింద వంగి చెయ్యి ఆనించాను,
ఎండకు కాలింది.
గార్డు వస్తున్నాడు,
నోరు కదులుతోంది, కుడివైపు నుంచి.

రెండు తట్టాను.