కొసరు

బేగంబజార్‌లో స్టీలు సామాన్ల కొట్టు మీద
ఇనుప మెట్లెక్కితే వచ్చే గదిలో
నా నల్ల స్క్రీను, ఒక టేబుల్ ఫ్యాను,
కింద నుంచి రోజంతా గిన్నెల మోత.
కన్హయ్య సేఠ్ లిస్టులు పంపుతాడు:
పేరు, కామా, ఎన్ని డబ్బాలు, కామా, ఏ సైజు.
ఎక్కడ పడితే అక్కడ ఖాళీలు,
బియ్యంలో రాళ్లలా.

వాటికోసం సీలో మూడు చిన్న ఫంక్షన్లు రాసుకున్నాను.
మెయిన్ వాకిట్లో కూర్చుంటే
ఇవి వెనక పెరట్లో అంట్లు తోముతుంటాయి.
ఊడ్చు: పేరుకి ముందూ వెనకా చెత్త ఊడుస్తుంది,
మధ్యలోది ముట్టుకోదు,
ఇంటిపేరుకీ మనిషికీ ఆ మాత్రం ఎడం ఉండాలి కదా.
తుంచు: కామా కనపడితే చాలు,
గోంగూర ఆకు గిల్లినట్టు గిల్లేస్తుంది.
అతుకు: రెండు ముక్కల్ని ఒకటి చేస్తుంది.
అతికే ముందు చోటు అడగాలి,
పొడవెంతో అంత,
ఇంకా ఒకటి.

ఆ ఒకటి సున్న కోసం.
మోండా మార్కెట్లో మా అమ్మ
కొసరు పడందే సంచి మూసేది కాదు,
నాకేమో ప్రతిసారీ మొహమాటం.
సీకి మాట ఎక్కడ ఆగాలో తెలీదు,
చివర సున్న తగిలేదాకా నడుస్తూనే ఉంటుంది.
బడిలో దిద్దిన సున్న గుండ్రంగా ఉండేది, పలికేది.
ఇది పాత పుస్తకాల్లో అరసున్న లాంటిది,
ఉందని తెలిసినవాళ్లకే ఉంటుంది.

భాద్రపదంలో ఒక ఆర్డరు,
పెద్దకర్మకి నూటొక్క డబ్బాలు.
పేరు శేషారత్నమ్మ.
నోటికి అయిదే అక్షరాలు.
మెషిన్ లెక్క వేరు:
శ కి మూడు బైట్లు, దాని ఏత్వానికి మూడు,
ఒత్తుకి ముందు ఎవరికీ కనపడని పొల్లుకి కూడా మూడే,
మొత్తం ముప్పైమూడు.
నేను ఉంచిన చోటు ముప్పైరెండు.

కింద నుంచి కేక.
దిగేసరికి ఖుద్దూస్ చాచా మెషిన్ ఆపేసి ఉన్నాడు.
మొదటి మూత మీద శేషారత్నమ్,
తర్వాత ఒక ఉత్త చదరం,
దాన్నంటుకొని 101.
చివరి మ సగంలో విరిగింది.
సున్నకి చోటు లేక పేరు ఆగలేదు,
గోడ దూకి పక్కింటి అంకెల్లోకి వెళ్లిపోయింది.

కౌంటర్ ముందు, గుండు మీద రుమాలు చుట్టుకుని, కొడుకు.
మూత చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.
నేను ముప్పైరెండు గురించి చెప్పబోయాను,
నోరు పెగల్లేదు.
"మా అమ్మ మాట గూడ ఇట్లనే," అన్నాడు,
"ఒక పట్టాన ఆగకపోతుండె."
నవ్వి, రుమాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

చాచాకి తెలుగు చదవడం రాదు.
నలభై ఏళ్లుగా ఆకారాలు గుర్తుపెట్టుకుని చెక్కుతున్నాడు.
చేతి మిషను అందుకుని
చదరాన్ని వంచి మ్మ చేశాడు,
101ని తీగ చేసి రెండాకులు పూయించాడు,
ఆఖర్న టక్కున ఒక చుక్క.
చుక్కెందుకు చాచా?
"పేరు ఖతమైనంక చుక్క వెట్టాలె బేటీ.
లేకుంటే రేపు ఇంకోడొచ్చి
పక్కపొంటి ఇంకో పేరు చెక్కిస్తడు.
గిన్నె ఎవరిదో తెల్వకుంట అయితది."

ఆ రాత్రి ఫైలు మొత్తం వెతికి
ప్రతి పొడవు పక్కనా ఒకటి కలిపాను.
తుంచుకి కొత్తగా ఒక బుద్ధి నేర్పాను:
చోటు చాలక ఆపాల్సి వస్తే
అక్షరం నడుమ ఆగకు,
దాని మొదలు దాకా వెనక్కి నడు.
అక్కడే కామెంట్‌లో
ఖుద్దూస్ చుక్క అని రాశాను.
నా తర్వాత చదివేవాళ్లు ఏమనుకుంటారో.

ఆ డబ్బా ఖరీదు ఎనభై అయిదు
సేఠ్ నా జీతంలో కోసుకున్నాడు,
కాబట్టి డబ్బా నాదే.
పల్లీలు పోసుకున్నాను.
మూత తీసినప్పుడల్లా
బొటనవేలి కింద గరుగ్గా ఆ చుక్క.

ఇవాళ మళ్లీ లిస్టు వచ్చింది.
పేర్లకి ముందు ఖాళీలు,
ఒకచోట కామా బదులు టీ మరక.