కచ్చి

మూడో తరగతిలో కచ్చి అంటే కచ్చే.
చిటికెన వేలు ముఖం మీద పెట్టి
"నీతో కచ్చి పో" అనేవాళ్లం.
ఇంటర్‌వెల్ గంట కొట్టేలోపు
విరిగిన చాక్‌పీసు ముక్క ఇచ్చి జట్టు కట్టేవాళ్లం.

తొమ్మిదో తరగతిలో ఎవరూ ఆ మాట అనరు.

పొదలకూరు గర్ల్స్ హైస్కూలు, బి సెక్షను,
కిటికీ పక్క మూడో బెంచీ.
పెంచలరేఖ వచ్చి కూర్చోగానే
మాటలు ఆగిపోతాయి, అంతే.
ఫ్యాను ఒక్కటే వినిపిస్తుంది.
లిఖిత ఏమీ అనదు. తల కూడా తిప్పదు.
జడ రిబ్బను సరిచేసుకుంటుంది,
మేమందరం మా రిబ్బన్లు సరిచేసుకుంటాం.

మధ్యాహ్నం వేపచెట్టు కింద పళ్లేలతో గుండ్రంగా కూర్చుంటాం.
రేఖ వచ్చేసరికి ఆ గుండ్రం
ఎట్టా చిన్నదవుతుందో లెక్కల సారు కూడా చెప్పలేడు.
మోకాలికి మోకాలు తగిలితే చాలు, గోడ.
"చోటు లేదుమే" అని కూడా ఎవరూ అనలేదు.
అనుంటే బాగుండేదేమో,
టీచరుకు చెప్పుకోను ఒక మాటన్నా దొరికేది.

వాళ్లమ్మ యార్డులో నిమ్మకాయలు ఏరుతుంది.
పండు ఒక గంపలోకి, పచ్చి ఒక గంపలోకి,
మచ్చ పడింది విడిగా.
ఆ వాసన మాకందరికీ ఒకేసారి తెలిసింది,
లిఖిత ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్న రోజు.

ఫోన్లో పాత గ్రూపు అట్నే ఉంది.
అందులో గుడ్ మార్నింగ్ పెట్టేది రేఖ ఒక్కతే.
మేమంతా కొత్తదాన్లో ఉన్నాం.
నేనూ ఉన్నాను.
రేఖ నడక మీద ఎవరో పెట్టిన వీడియో కింద
నవ్వు బొమ్మ నేనే పెట్టాను.
వేలు కదిలింది, అంతే. చప్పుడు కూడా కాలేదు.

సోమవారం వస్తే రేఖకి కడుపునొప్పి.
ఆర్ఎంపీ డాక్టరు నులిపురుగులన్నాడు.
వాళ్లమ్మ దిష్టన్నది.
మచ్చలేని కాయ ఏరి తెచ్చి
తల చుట్టూ మూడు తిప్పులు తిప్పి కోసిందంట.
కసుమూరు దర్గాలో తాయెత్తు కట్టించింది.
ఆ నల్లదారం చూసి మేం మళ్లీ నవ్వాం.

హాజరు పట్టీలో ఆమె పేరుకెదురుగా
వరసగా పదకొండు రోజులు ఎర్ర సిరా.
పన్నెండో రోజు వచ్చింది.
మణికట్టు ఎముక పైకి తేలి కనపడింది.

నాకేమైందో తెలీదు. ధైర్యం అనను,
ధైర్యమైతే జూన్‌లోనే వచ్చుండాలి.
పళ్లెం పట్టుకుని లేచి
లిఖిత ముఖం మీద చిటికెన వేలు పెట్టి
"నీతో కచ్చి" అన్నాను. గట్టిగా. చిన్నపిల్ల లాగా.
ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పడీ పడీ నవ్వారు.
సాయంత్రానికి కొత్త గ్రూపులో నేను లేను.

కొళాయి దగ్గర మెట్టు మీద రేఖ పక్కన కూర్చున్నాను.
జరిగి చోటివ్వలేదు. లేచీ పోలేదు.
గుడ్డు పెంకు తీస్తా, నా వైపు చూడకుండా అడిగింది:
"ఆ వీడియో నాకూ చూపించార్లే.
నవ్వు బొమ్మ పెట్టింది నువ్వేగా?"

ఊఁ అన్నాను.

చాలాసేపు గుడ్డు వలిచింది.
ఉప్పు పొట్లం మా ఇద్దరి మధ్య మెట్టు మీద పెట్టింది.
తీసుకోమనలేదు.