ఏమీ లేని చోటు

నాలుగు చోట్లకి ఫోన్ చేశాను.
మొదటివాడు మంటా రేల రెక్కలు
మీటర్లలో కొలిచి చెప్పాడు.
రెండోవాడు రోజుకి ఐదు డైవులన్నాడు,
రాత్రి డైవు ఉచితమన్నాడు,
గుక్క తిప్పుకోకుండా అన్నాడు.
మూడోచోట ఒక అమ్మాయి
మునిగిపోయిన ఓడని
అద్దె ఇల్లు చూపించినట్టు వర్ణించింది:
ఇటు ఇంజను గది, అటు వంటగది,
అరలో ఇంకా రెండు కప్పులున్నాయట.

నాలుగోది లావిస్.
పటం మీద గోరు పెడితే మాయమయ్యే దీవి.
ఫోను ఎత్తింది నాంగ్ ఫెలిసింగ్.
"మీ దగ్గర ఏముంది?" అన్నాను.
అవతల కోడి కూసింది. ఎవరో కట్టెలు కొడుతున్నారు.
"ఏముందీ..." అంది తనలో తనే,
బియ్యం డబ్బా మూత తీసి చూసుకునే మనిషిలా.
"మూడు గదులు. కరెంటు తొమ్మిది దాకా.
పడవ, పోటుని బట్టి.
మా తమ్ముడు నీళ్ళలోకి తీసుకెళ్తాడు.
వాడికి తొందర చేతకాదు."
కాస్త ఆగి,
"తాబేళ్ళుంటాయి. వస్తాయని మాటివ్వలేను."

వస్తున్నానని చెప్పేశాను.

నా పనేమిటో చెప్పాలి.
సెబులో, ఆస్పత్రి నాలుగో అంతస్తులో, రాత్రిళ్ళు
ఊపిరి యంత్రాల మధ్య నిలబడతాను.
పన్నెండు మంచాలు.
నిమిషానికి పద్నాలుగు, పదహారు, మళ్ళీ పద్నాలుగు.
ఎవరిది తడబడితే అటు పరుగు.
పదకొండేళ్ళు.
ఇంటికొచ్చి పడుకున్నా
ఫ్యాను కిరకిరని లెక్కపెడతాను,
జీప్నీలో పక్కమనిషి ఛాతీని కూడా.
"గొట్టంలోంచి గాలి పీల్చడానికి
డబ్బిచ్చి మరీ వెళ్తున్నావా?"
డ్యూటీ మారుతూ మిలాగ్రిన్ నవ్వింది.

నోంగ్ క్లెయోఫాస్ ఇసుకలో కూర్చోబెట్టి
సైగలు నేర్పాడు.
'అంతా బాగుంది' అనాలంటే
బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి.
ఆయన కుడిచేతికి చూపుడువేలు లేదు.
పక్క రెండూ లేవు.
బొటనవేలికి చిటికెనవేలు ఆనించి చూపించి,
"మీరు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే చెయ్యండి" అన్నాడు.
నేనడగలేదు.
సీసాలో మందు కూరి, వత్తి అంటించి
చేపల గుంపు మీదికి విసిరే రోజులుండేవని,
ఒక వత్తి పొట్టిదైందని
ఆయనే చెప్పాడు, ట్యాంకు పట్టీ బిగిస్తూ,
నిన్నటి వాన గురించి చెప్పినట్టు.

తల మునగగానే
నా ఊపిరి నాకు వినపడింది.
పెద్దగా. సిగ్గుపడేంత పెద్దగా.
అలవాటు కొద్దీ లెక్కపెట్టాను: ఇరవై ఆరు.
వార్డులో అయితే అలారం మోగేది.
ఆయన ఎదురుగా తేలుతూ
అరచెయ్యి కిందికి వంచి
మెల్లగా, మెల్లగా గాలిని జోకొట్టాడు.

పన్నెండు మీటర్ల లోతున ఒక వాలు.
పగిలిన పింగాణీ పారబోసినట్టు
తెల్లగా, బూడిదగా, చచ్చిన పగడం.
దాని మధ్య ఒకచోట ఆగాడు.
గ్లాసంత ఎత్తు కొమ్మ, కొసల్లో లేత ఊదా.
అంగుళం దూరంలోంచి రెండువేళ్ళతో చూపించాడు,
ముట్టుకోలేదు.
అది ఆయన విసిరిన చోటేనా అని
అడగడానికి నీళ్ళలో సైగ లేదు.

ఎంతసేపున్నామో.
నీలం చేప ఒకటి ఆ కొమ్మ చుట్టూ తిరిగి
మమ్మల్ని లెక్కచెయ్యకుండా పోయింది.
గాలి ముల్లు సగానికి దిగింది.
నా లెక్క తొమ్మిది దగ్గరో పది దగ్గరో
చెయ్యి జారింది, వెతకలేదు.
ఆయన అడిగాడు, బొటనవేలూ చిటికెనవేలూ కలిపి.
నేనూ అలాగే జవాబిచ్చానని
పైకొచ్చాక ఆయన చెబితేనే తెలిసింది.

"తాబేలు?" అంది నాంగ్ ఫెలిసింగ్.
"రాలేదు."
"చెప్పాను కదా" అని
ఎండుచేప ఒకటి ఎక్కువ వేసింది.

తొమ్మిది కాకుండానే కరెంటు పోయింది.
తడికె అవతల ఎవరిదో గురక.
కాసేపు లెక్కపెట్టాను.
తర్వాత లేదు.