చూపుడువేలి కూలి

తెల్లారుజామున మూడు గంటలకు
బస్టాండు గేటుకాడ నిలబడి
'రూమ్ కావాలా సామీ, వేణ్ణీళ్ళుండాయి' అని
పదహారేండ్లు అరిచిన గొంతు ఇది.
మూట నెత్తికెత్తుకున్న మనిషికి వేలు చూపించేవాణ్ణి:
అదో, ఆ సందులో, పచ్చబోర్డు.
లాడ్జీ గుమాస్తా నోటుబుక్కులో
నా పేరు కింద ఒక గీత గీసేవాడు.
గీతకు యాభై రూపాయలు.
గోడ కట్టింది నేను కాదు, పరుపు పరిచిందీ కాదు.
వేలు చూపించినా, అంతే.

తర్వాత జనం
రూములు ఫోన్లోనే పట్టుకుని బస్సు దిగడం మొదలుపెట్టినారు.
హారన్ల మధ్య నా అరుపు ఇంకో హారన్.
నోటుబుక్కులో నా పేజీ
దుప్పట్ల లాండ్రీ లెక్కకు పోయింది.

అప్పుడు మా చెల్లెలి కొడుకు తులసీరామ్ చెప్పినాడు:
'నువ్వు చేసిన పనే మామా ఇదీ.
వేలు బదులు లింకు.
నూటికి నాలుగు రూపాయలు.'

ఏం చూపించాల?
నాకు తెలిసింది మోకాళ్ళు.
అలిపిరి కాడ ఎన్ని చూసినా!
వాచినవి, వణికేవి, నూనె మెరిసేవి,
మెట్టు మెట్టుకూ పసుపు పూసుకుంటా వంగేవి.
మోకాటి పట్టీలు మూడు రకాలు తెప్పించుకుని
శనివారానికొకటి వేసుకుని ఎక్కినా.
నల్లది గాలిగోపురం దాకా కూడా రాలా,
జారి పాదం మీద పడింది.
నీలంది గీరింది.
బూడిదరంగుది మాత్రం
మోకాళ్ళ మెట్టు కాడ కూడా పట్టు విడవలా.
ఆ మాటే ఆయాసపడతా ఫోన్ ముందర చెప్పినా.
ఫోన్ పట్టుకునింది మా ఇంటామె సుగుణ.
'కింద లింకుండాది సామీ,
మీరు కొంటే నాకూ రవ్వంత వొస్తాది' అని కూడా చెప్పినా.
లాడ్జీ కాలంలో
ఆ రెండో మాట ఎవురికీ చెప్పిందే లేదు.

మొదటి నెల పదకొండు రూపాయలు.
'టీ నీకు, బన్ను నాకు' అని నవ్వింది సుగుణ.
అయిదో నెలకు గ్యాసుబండ డబ్బులొచ్చినాయి.
అంతకు జాస్తి గొప్ప చెప్పుకోను.

రాత్రి భోంచేసినాక లెక్క తెరుస్తా.
పేర్లుండవు, ఊర్లుండవు. వస్తువులే.
నా లింకు తొక్కి లోపలికి పొయ్యినోళ్ళు
ఒక పగలూ రాత్రీ లోపల ఏం కొన్నా
నాకు గీత పడతాదంట.
పట్టీకని పొయ్యి ఎవురో చీపురు కొన్నారు.
ఎవురో కుక్కకు గొలుసు.
ఎవురో పదో తరగతి లెక్కల గైడూ, అలారం గడియారమూ.
ఆ బిడ్డ పాసు కావాలని
మేడ మీదికి పొయ్యి కొండ దిక్కు దండం పెట్టినా.

పోయిన నెల ఒక రోజు,
బూడిదరంగు పట్టీలు, జత.
దాని కిందనే చక్రాల కుర్చీ ఒకటి.
మూడొందల ఇరవై రూపాయలు!
కేకేసి పిలిచినా సుగుణను.
వచ్చి చూసింది. నవ్వలా.
'కుర్చీ ఒకరికి,
మొక్కు ఇంకొకరిది' అనింది.

పన్నెండో రోజు, కుర్చీ వాపసు.
మూడొందల ఇరవైకి ముందర ఎర్రగా ఒక అడ్డగీత.
గీత పడితే కూలి అనుకున్నోణ్ణి,
తీసేసే గీత కూడా ఉంటాదని ఇప్పుడే చూసినా.
పట్టీలు మాత్రం వెనక్కి రాలా.

లేచి నడిచినారా?
లేకుంటే...
'చక్రం బాగలేక పంపించుంటారులే'
గిన్నెలు తోమతా, తలెత్తకుండా అనింది సుగుణ.
బస్టాండులో అయితే
దిగేటప్పుడు చూసిన మొహాన్నే
తిరుగు బస్సెక్కేటప్పుడు చూసేవాణ్ణి, గుండుకు గంధంతో.
అడక్కుండానే తెలిసేది.
లింకుకు మొహం లేదు.

ఈ శనివారం మళ్ళీ ఎక్కతా ఉండా.
ఎర్ర అంచు పట్టీ కొత్తగా వచ్చింది, దాని సంగతి చూడాల.
దోవలో యాడన్నా
బూడిదరంగు పట్టీల మోకాళ్ళు కనబడితే
రవ్వంత దూరం పక్కన నడుస్తా.
ఏమీ అడగను.
ఇంకా ఎంత దూరమని వాళ్ళే అడిగితే
వేలు చూపిస్తా.