పదిహేను సెకన్లు

ఆదోనిలో మధ్యాహ్నం కరెంటు పోయొచ్చినాక
మా డీటీపీ షాపులో కంప్యూటర్‌కు ఒళ్లొచ్చింది.
సున్నాలన్నీ కోడిగుడ్లయినాయి.
పెండ్లిపత్రిక మీద వినాయకునికి
ఉన్న పొట్ట చాలదన్నట్టు ఇంకొంచెం.

కేబుల్ పీకి, ఊది, మళ్లా బిగించినా.
వంగిన పిన్నును పెన్నుమొనతో నిలబెట్టినా.
గులాబిరంగు పోయింది గాని
లావు తగ్గలేదు.

బెంచీ చివర ఉరుకుందమ్మ,
కొంగుముడిలో రెండు నూర్లు.
తెర మీద తిక్కన్న, పత్తి యార్డులో హమాలి.
ఎల్లుండి పెద్దకర్మకు ఫ్లెక్సీ.

డ్రైవర్ ఎక్కించి లెక్క మార్చినా:
పదమూడు నూర్ల అరవై ఆరు, ఏడు నూర్ల అరవై ఎనిమిది.
తెర ఒక్కసారి నల్లబడి
బుగ్గలు పీక్కుపోయిన మనిషిని తెచ్చిపెట్టింది.
ఈ మార్పులు ఉంచాలా? అని కింద
పదిహేను, పద్నాలుగు...

"ఈయప్ప ఎవురు?" అనింది.
కర్నూలు పెద్దాస్పత్రిలో ఉన్నప్పుడు తీసిన ఫొటో అంట,
ఏదో కార్డుకు.
"ముందు చూపిస్తివే, ఆయప్పే మావోడు.
రెండు బోరాలు ఒకేసారి ఎత్తుతాండె."

తొమ్మిది. ఎనిమిది.
ఇదేనమ్మా సరైన కొలత, అందామని నోటిదాకా వచ్చింది.
నాలుగు.
మౌసు మీంచి చెయ్యి తీసేసినా.

బుగ్గల గుంటలు మళ్లా పూడినాయి.

ఆమె పోయినాక తెరను సరిచేసి
ఫొటో అంచు పట్టుకోని
కుడిపక్కకు లాగినా, కొంచెం,
బోరా నిలిచేంత భుజం వచ్చేదాకా
ఇంకొంచెం.

ఫ్లెక్సీకి రెండు నూర్లే.
లాగుడుకు వేరే లేదు.