మంగళవారం కింది గొంతు

గోడలకు చెవులుంటాయంటారు.
మా గోడకు గొంతు కూడా ఉంది.
కుతైసీలో, ఐదో అంతస్తులో,
నా కుట్టుమిషన్ ఆనుకున్న గోడ.
అవతల ఒతియా.
పగలు ఊళ్ళో లిఫ్టులు బాగుచేస్తాడు,
మా లిఫ్టు తప్ప.

రాత్రి ఎనిమిదయ్యేసరికి
ముందు ఫ్రిజ్ మూలుగు ఆగిపోతుంది.
టేపులో ఆ రొద పడకుండా ప్లగ్గు పీకేస్తాడట.
మళ్ళీ పెట్టడం మరిచిపోకుండా
ఇంటి తాళంచెవి ఫ్రిజ్‌లోనే, జున్ను పక్కన దాస్తాడట.
మెట్ల మీద ఎదురైనప్పుడు తనే చెప్పాడు.
పట్టుకుని చూశాను, ఇంకా చల్లగానే ఉంది.

తర్వాత బీరువా తలుపు కిర్రుమంటుంది.
చలికోట్ల మధ్య తల దూర్చి
ఎత్తుకుంటాడు.

మంగళవారం కింది గొంతు.
బావిలోకి తాడు వదులుతున్నట్టు
దిగుతూ, ఆగుతూ, ఇంకాస్త దిగుతూ.
మాట లేదు. చేద నీళ్ళకు తగిలిన చప్పుడూ లేదు.

బుధవారం నడిమి గొంతు. మాటలున్నది దానికే:
వానలో తడిసిన గుర్రం,
అప్పు తీర్చని బావమరిది.
మధ్యమధ్య ఆగుతాడు,
ఇరుకు సందులో ఎవరికో దారి ఇస్తున్నట్టు.
ఆ ఎవరో నాకు వినపడరు.
మంగళవారం నాటి ఒతియా అతని చెవుల్లో పాడుతుంటే
నాకు అందేది
ఒకవైపు టెలిఫోను మాటలు.

గురువారం పై గొంతు.
పుంజు కూతకూ ఎక్కిళ్ళకూ నడుమ ఎక్కడో
ఎగిరి పట్టుకోవాల్సినది.
యాభై నాలుగేళ్ళ మనిషి.
అందదు.
మళ్ళీ.
అందదు.
దగ్గు, నీళ్ళగ్లాసు, ఒక బూతుమాట, మళ్ళీ.
పదిహేడు లెక్కపెట్టాను.
పద్దెనిమిదోసారి నేనే,
పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని,
పళ్ళ బిగువున ఆ స్వరం అందుకున్నాను.
ఎవరూ వినలేదు.

మా పాటకు ముగ్గురు కావాలి.
ఒతియాకు ఇద్దరుండేవాళ్ళు.
గురాం గ్రీసులో నారింజలు కోస్తున్నాడు.
బేజాన్‌తో మాటల్లేవు,
పాత కారు అమ్మకం దగ్గర చెడింది.
అందుకని తనకు తానే వంత,
ఆ వంతకూ తానే వంత.

నాకు తెలియని పని కాదు.
ముందు చేతులు కుడతాం, తర్వాత మెడపట్టీ.
విడివిడిగా బల్ల మీద పడుంటే
చూసినవాడు చొక్కా అనడు.

ఒకసారి అన్నాడు:
మంగళవారం తను ఊపిరి తీసిన చోటే
మిగతా ఇద్దరూ తీయాలట.
అది తప్పు చోటు, ఆ రోజు జలుబు.
"ఇప్పుడదే పాట, నానులీ.
మొన్నటివాడు నా మాట వినడు కదా."

మూడు వారాలు నా తలలోనే
మూడింటినీ కలిపి పాడించుకున్నాను,
కాజాలు కుడుతూ, బంగాళాదుంపలు చెక్కు తీస్తూ.
నా పాటలో అతనికి పై స్వరం
ప్రతిసారీ అందేది.

ఈస్టర్‌కి రెండ్రోజుల ముందు క్యాసెట్ తెచ్చాడు.
లోపలికి రమ్మంటే రాలేదు.
విన్నంతసేపూ గడప అవతల నిలబడి
బూట్లు చూసుకున్నాడు.

ముందు సన్నటి హోరు. వాన కాదు, టేపు.
మంగళవారం దిగింది.
దాని భుజాలెక్కి బుధవారం నిలబడింది.
గురువారం
అందలేదు.
వెంట్రుకవాసి తక్కువ.
అలాగే ఉంచేశాడు.
సరిగ్గా అక్కడే మూడూ ఒకదాన్నొకటి ఒరుసుకుని
నా కిటికీ అద్దం జివ్వుమంది.
నా తలలో పాట చిన్నబోయింది.

తర్వాత, అడుగున, కోట్ల వెనక, గోడ వెనక
టకటకటక.
ఆగి, మళ్ళీ టకటక.
బడిపిల్లల యాప్రాన్లు, నలభై. ఆ గురువారం రాత్రే.

అతని కేసి చూశాను.
"నాలుగో ట్రాకు ఖాళీగా ఉంచానా," అన్నాడు,
"నువ్వు మూడోదాంట్లో దూరావు.
ఇక విడదీయడం నా వల్ల కాదు."

అతను వెళ్ళాక వెనక్కి తిప్పి పెట్టాను.
పాట కోసం కాదు.
ఆ టకటకలో ఒక కీచు ఉంది.
ఇన్నేళ్ళు దాని ముందే కూర్చుని వినలేదు.
మిషన్‌కి నూనె వెయ్యాలి.