217వ దుంగ

భాకరాపేట డిపోలో నా పని రాయడమే.
నంబరు, పొడవు, చుట్టుకొలత, బరువు,
చివరి గడిలో రంగు.
ఏడేళ్ళ కిందట నేనే రాసినాను
217కి ఎదురుగా, ఎరుపు అని.
లారీలోంచి దించిన ఆ తెల్లవారుజామున
కోసిన మొన అప్పుడే చెంపదెబ్బ తిన్న మొహంలాగా
కందిపోయి ఉండింది.

రేకుల షెడ్డు నిండిపోయి
మిగతావాటిని ఆరుబయట పేర్చినారు.
ఎండ ముందు పైపైనే తడిమింది,
జేబులు వెతికే పోలీసు మాదిరి.
తర్వాత లోపలికి దిగి
నారను నారతో పట్టి ఉంచే బంకని
సన్నగా, పొడిపొడిగా విప్పింది.
కార్తీకం తుపాను ఆ పొడిని కడుక్కుపోయింది.

మొదటి ఏడు, ఇటుక.
రెండో ఏడు, ఉతికినా పోని నేరేడు మరక.
మూడో ఏటి రంగుకి నాకు పేరు దొరకలేదు.
ఇప్పుడు బూడిద.
బూడిదంటే ఏదో కాలినట్టు ఉంటుంది గానీ
ఇది కాలిందేమీ లేదు,
ఊరికే బయట పడుంది, అంతే.
తడిస్తే కొర్రమీను వీపు, ఆరితే పొయ్యిగట్టు.
పక్క దుంగ ఆనుకున్న చోట మాత్రం
బెత్తెడు మేర ఇంగా పాత ఎరుపు,
వాచీ తీసిన మణికట్టు మాదిరి.

ప్రతి మార్చిలో తనిఖీ.
ప్రతి మార్చిలో ఎరుపు అనే రాస్తాను.
కాపలా చెంగల్రాయులు నవ్వతాడు,
"చూసే రాస్తావామ్మా, చూడకనే రాస్తావా?"
పోయినేటి పేజీ చూసి రాస్తానన్నా.
కాగితంలో రంగు మారితే
మారింది రంగా, దుంగా అని అడగతారు.

మారకపోయినా అడిగినారు.
మొన్న వాయిదాకి తిరుపతి కోర్టు మెట్ల ముందర దించితే
అవతలి లాయరు బూటు మొనతో తట్టి
"ఎర్రచందనమా ఇది, తుమ్మ మొద్దా?" అన్నాడు.
రాయులు మొలలో కత్తి మీద చెయ్యేసి ఆగినాడు,
కోర్టు గదా.
టీకొట్టు పాపులమ్మ దగ్గర అల్లం దంచే రాయి తెచ్చి
నీళ్ళు చిలకరించి, మొనకేసి రుద్దినాడు.
ముందు బూడిద బురద.
తర్వాత కాసేపు ఏమీ రాలేదు.
ఆ కాసేపట్లో ఏడు మార్చిలూ గుర్తొచ్చినాయి నాకు.

వచ్చింది. రాయంతా పాకింది.
అల్లం వాసనలో ఎరుపు.

జవ్వాదు కొండ నుంచి వచ్చిన సడయన్,
ఒక్క తెలుగు ముక్క అర్థం కాకుండా
ఏడేళ్ళుగా వాయిదాలకి తిరిగే ముద్దాయి,
దాన్ని చూసి తల ఊపినాడు,
తెలిసినోళ్ళు ఎదురైనట్టు.
వాళ్ళ లాయరు కళ్ళెర్రజేసినాడు.
జడ్జిగారు చూసినారు, రాసుకున్నారు,
ఇంకో తేదీ ఇచ్చినారు.
పాపులమ్మ రాయి కడుక్కుంటా తిట్టింది.

డిపోలో దించేటప్పుడు
దుంగ మీది తెల్ల పెయింటు పెచ్చు ఊడింది.
అంకె పోయిందనుకున్నాను.
పెయింటు కింద ఎండ తగలని కట్టె
217 అని ఎర్రగా ఉండింది,
చుట్టూ అంతా బూడిద.

పెన్ను మూత తీసి కూర్చున్నాను.
రంగు గడి చిన్నది.
రెండు మాటలు పట్టవు.